అటకెక్కిన ద్రాక్షరసం: మోడెనా వెనిగర్ చరిత్ర

ఉత్తర ఇటలీలో పో నది మైదానానికీ అపెన్నైన్ కొండల వరుసకూ నడుమ, సెక్కియా, పనారో అనే రెండు ఏర్ల మధ్య వెలసిన మోడెనా నగరమూ, దానికి పడమటి దిక్కున ఉన్న రెజ్జో ఎమీలియా పట్టణమూ, నేడు ప్రపంచమంతటా బాల్సమిక్ వెనిగర్ అనే పేరుతో అమ్ముడుపోతున్న నల్లని తీపిపులుపు ద్రవానికి పుట్టిళ్లు. వెనిగర్ అంటే సాధారణంగా మద్యం గాలి తగిలి మరింత పులిసి ఆమ్లంగా మారిన ద్రవం. హైదరాబాదు వంటిళ్లలో సిర్కా అనేది దీన్నే. మోడెనాలో సంప్రదాయికంగా తయారయ్యేది మాత్రం మద్యం నుంచి పుట్టదు. తాజా ద్రాక్షరసాన్ని కాచి, చిక్కబరచి, పులియబెట్టి, చెక్కపీపాలలో పోసి ఏళ్ల తరబడి అటకమీద ఉంచితే వచ్చేది. సీసాలమీది అట్టలు దీనికి వెయ్యేళ్ల వయసు చెబుతాయి గాని పత్రాలు చెప్పే చరిత్ర అంత సూటిగా లేదు. కాచిన ద్రాక్షరసం నిస్సందేహంగా ప్రాచీనమైనది, దాన్ని పులియనిచ్చే అలవాటు కూడా పాతదే కావచ్చు. అయితే ఆ అలవాటును ఒక పేరుకూ ఒక నిర్వచనానికీ కట్టివేసినవి 19వ శతాబ్దపు ఉత్తరాలు, 20వ శతాబ్దపు చట్టాలు. అసలైనదనీ నకిలీదనీ ఈనాడు చేసే విభజన కూడా అంతకుముందు లేదు.

ద్రాక్షరసాన్ని కాచడం ఈ నేలకు రోమన్ల కాలం నుంచి అలవాటైన పని. క్రీ.శ. 1వ శతాబ్దంలో వ్యవసాయ గ్రంథం రాసిన కొలుమెల్లా, అదే శతాబ్దంలో ప్రకృతి విజ్ఞాన సర్వస్వాన్ని కూర్చిన ప్లినీ, ఇద్దరూ ఈ కాచిన రసాలను వివరించారు. రసం సగానికి ఇగిరితే దెఫ్రుతుం, మూడో వంతుకు ఇగిరితే సాపా అని ప్లినీ లెక్క. చక్కెర తెలియని ఆ సమాజంలో తేనె తరువాత తీపికి ఇదే ఆధారం కనుక, అపీసియుస్ పేరుతో నిలిచిన రోమన్ వంటల గ్రంథంలో మాంసపు పులుసులలోనూ చేపల కూరలలోనూ ఇది పదే పదే కనిపిస్తుంది. రాగి, కంచు పాత్రలలో చిలుము ఊరుతుందని కొలుమెల్లా సీసపు పాత్రలను సిఫారసు చేశాడు. పుల్లని రసం సీసంతో కలిసి విషంగా మారుతుందన్న సంగతి ఆనాటివారికి తట్టకపోవడం ఆ తీపికి వారు చెల్లించిన మూల్యం. రోమ్ సామ్రాజ్యం పోయినా సాపా పోలేదు. ఎమీలియా పలుకుబడిలో అది సాబాగా మారి, పండుగ పిండివంటలలో ఇప్పటికీ నిలిచి ఉంది. అలా కాచి నిలవచేసిన రసంలో కొంత, ఏ పీపా అడుగునో మిగిలిపోయి, తనంతట తాను పులిసి, ఆ రుచి ఇంటివారికి నచ్చి ఉంటుందన్న ఊహకు పత్రసాక్ష్యం లేకపోయినా, ఇంతకంటె సహజమైన పుట్టుక కథ మరొకటి కుదరదు.

వెయ్యేళ్ల వయసుకు ఆధారంగా చూపేది 1046 నాటి ఒక సంఘటన. జర్మనీ రాజు మూడవ హెన్రీ చక్రవర్తిగా అభిషేకం పొందడానికి రోమ్‌కు పోతూ దారిలో పియచెంజాలో బస చేసినప్పుడు, కనోస్సా కోటలో తయారయ్యే వెనిగర్ గొప్పదని విని ఉన్నందున దాన్ని కోరాడనీ, కోట ప్రభువైన బొనిఫాచో దాన్ని వెండి పాత్రలో పంపాడనీ దొనిజోనే అనే సన్యాసి లాటిన్ పద్యకావ్యంలో రాశాడు. ప్రపంచ చరిత్రలో కనోస్సా పేరు 1077లో నాలుగవ హెన్రీ మంచులో నిలబడి పోపును క్షమాపణ వేడిన చోటుగా సుపరిచితం. ఆనాడు కోటకు అధిపతి అయిన మతిల్దా ఈ బొనిఫాచో కూతురే, దొనిజోనే కావ్యం ఆమె జీవితం మీద వెలసినదే. అయితే ఆ కావ్యం 12వ శతాబ్దపు రెండో దశకంలో, అంటే సంఘటన జరిగిన సుమారు 70 ఏళ్లకు, ఆ వంశపు వైభవాన్ని చాటడానికి రాసినది. అందులో వెనిగర్ ఉంది, దాని ప్రశస్తి ఉంది, వెండి ఉంది. అది కాచిన రసంతో చేసినదని గాని, తియ్యగా నల్లగా ఉండేదని గాని, దాని పేరు బాల్సమిక్ అని గాని లేదు. ఆ ప్రాంతం 11వ శతాబ్దంలోనే మంచి వెనిగర్‌కు ప్రసిద్ధమని దీన్నిబట్టి చెప్పవచ్చు. అంతకుమించి చెప్పడం వ్యాపారుల పని.

ఇంతకన్న గట్టి ఆనవాళ్లు ఎస్తే వంశపు పాలనలో దొరుకుతాయి. మోడెనా, రెజ్జోలతో పాటు ఫెర్రారాను కూడా ఏలిన ఈ డ్యూకుల ఆస్థానం 16వ శతాబ్దంలో విందులకు పేరుపడింది. అక్కడి విందుల నిర్వాహకుడు క్రిస్తోఫొరో మెస్సిస్బుగో రాసిన గ్రంథం అతని మరణానంతరం 1549లో అచ్చయింది. ఆనాటి ఉన్నత వర్గాల భోజనంలో ఉప్పుకూరలకూ తీపివంటలకూ నేడున్న సరిహద్దు లేదు. మాంసంపై చక్కెర, చేపపై దాల్చినచెక్క, పులుసులో ఎండుద్రాక్ష చెల్లుబాటయ్యేవి. తీపినీ పులుపునూ ఒకే వంటలో కలిపే ఈ పద్ధతిని ఇటాలియన్లు ఆగ్రోదోల్చే అంటారు. చింతపండు పులుసులో బెల్లం ముక్క వేసే తెలుగువారికి ఇందులో వింతేమీ తోచదు. ఎస్తే వంశపు కొలువులో పనిచేసిన కవి లుదొవికో అరియోస్తో, రెజ్జోలో పుట్టినవాడు, 1518 ప్రాంతంలో రాసిన ఒక వ్యంగ్యకవితలో, పరుల ఇంటి విందుకన్న సొంత ఇంట్లో ఉడకబెట్టుకున్న ముల్లంగి జాతి దుంప మేలంటూ, దానిమీద తాను చల్లుకునేవి వెనిగర్, సాపా అని చెప్పాడు. అవి రెండూ ఇంకా రెండు వేర్వేరు పాత్రలలోనే ఉన్నాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. బాల్సమిక్ వెనిగర్ అంటే, ఒక విధంగా, పళ్లెంలో కలిసే ఆ రెంటినీ ముందుగానే పీపాలో కలపడం.

1598లో ఎస్తే వంశానికి నేరుగా వారసుడు లేడన్న కారణంతో పోప్ ఫెర్రారాను స్వాధీనం చేసుకోగా, ఆ వంశపు డ్యూక్ చేజరే తన ఆస్థానాన్ని మోడెనాకు తరలించాడు. పాత రాజధాని పోగొట్టుకున్న వంశం కొత్త రాజధానిలో తన ప్రతిష్ఠను మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. 1634లో మొదలైన డ్యూకుల ప్రాసాదం ఆ ప్రయత్నంలో భాగం, ఆ ప్రాసాదపు బురుజులో ఏర్పరచిన వెనిగర్ శాల కూడా ఆ ప్రయత్నంలోనే ఒక చిన్న భాగం. పీపాలను వరుసగా పేర్చి వెనిగర్‌ను పండించే ఇలాంటి గదిని అచెతాయా అంటారు. ఆస్థానపు అంతరంగిక మద్యశాలల లెక్కల పుస్తకంలో 1747లో బాల్సమిక్ అనే విశేషణం వెనిగర్‌కు తొలిసారి కనిపిస్తుంది. ఆ విశేషణం ఔషధశాలల నుంచి వచ్చినది. గాయాలకూ గుండెనీరసానికీ వాడే సుగంధ లేపనాలను ఆ మాటతో పిలిచేవారు. వెనిగర్‌కు ఆనాడు మందుగా ఉన్న గౌరవం వంటింటి గౌరవంకన్న తక్కువేమీ కాదు. డ్యూకుల గ్రంథాలయాధికారి, చరిత్రకారుడు లుదొవికో ఆంతోనియో మురతోరి 1714లో ప్లేగు నివారణపై పుస్తకం ప్రచురించిన నాటికి, వెనిగర్ వాసన పీల్చడం, దానితో చేతులు కడుక్కోవడం యూరప్ అంతటా అంటురోగ కాలపు జాగ్రత్తలు. మోడెనా డ్యూకులు ఈ ద్రవాన్ని అమ్మలేదు, బహూకరించారు. చిన్న సీసాలో దూరదేశపు రాజుకు చేరే కానుకగా అది రాయబారపు సామగ్రి.

అదే ఆస్థానపు 1830 నాటి లెక్కలలో వెనిగర్ నాలుగు తరగతులుగా నమోదయింది: బాల్సమిక్, అర్ధ బాల్సమిక్, మేలురకం, సామాన్యం. ఈ చిన్న వివరానికి పెద్ద విలువ ఉంది. శుద్ధమైన రసంతో ఏళ్ల తరబడి పండినది ఒకటే నిజమైనదనీ, తక్కినవన్నీ ఇటీవలి కల్తీలనీ ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి ఈ పద్దు అడ్డు నిలుస్తుంది. డ్యూకుల ఇంట్లోనే మెట్లు మెట్లుగా రకాలుండేవి; అతిథిని బట్టి, వంటను బట్టి ఏది తీయాలో భాండాగారికి తెలిసి ఉండేది. కాచిన రసంలో మద్యపు వెనిగర్ కలపడం 19వ శతాబ్దపు మోడెనాలో తప్పుగా ఎవరూ భావించలేదు.

అయితే డ్యూకుల అచెతాయాకు దీర్ఘాయువు దక్కలేదు. 1796లో ఫ్రెంచి సేనలు వచ్చిపడినప్పుడు డ్యూక్ మూడవ ఎర్కోలే వెనిస్‌కు పారిపోగా, ఆస్థానపు పీపాలు కొన్ని వేలంలో నగరపు సంపన్న కుటుంబాల చేతికి పోయాయి. నెపోలియన్ పతనం తరువాత డ్యూకుల పాలన తిరిగి వచ్చి, 1859లో ఐదవ ఫ్రాన్చెస్కో నగరం విడిచిపోవడంతో శాశ్వతంగా ముగిసింది. మరుసటి ఏడు ఇటలీ ఏకీకరణకు సారథులైన రెండవ విత్తోరియో ఎమనువేలె రాజు, అతని మంత్రి కవూర్ మోడెనాకు వచ్చి, ఆ వెనిగర్‌కు ముగ్ధులై, మేలైన పీపాలను పియెమోంతెలోని మొంకలియెరి కోటకు తరలింపజేశారు. కొత్త చోట వాటిని పోషించే విద్య ఎరిగినవారు లేక అవి పాడయ్యాయి. అచెతాయా అనేది పీపాల సముదాయం మాత్రమే కాదు. ఏటా ఏ పీపాలోంచి ఎంత తీసి ఎందులో పోయాలో ఎరిగిన చేతులూ, వేసవిలో కాగి చలికాలంలో గడ్డకట్టే ఆ అటకా దానిలో భాగాలు. పీపాలను బండ్లకెక్కించవచ్చు గాని అటకను ఎక్కించడం సాధ్యం కాదని రాజుగారి అధికారులకు ఆలస్యంగా తెలిసింది.

ఈ నష్టం ఒక మేలు చేసింది. అంతవరకు ఇంటింటి గుట్టుగా ఉన్న పద్ధతి తొలిసారి కాగితంమీదికి ఎక్కింది. మోడెనాకు దక్షిణాన ఫోర్మీజినే దగ్గర కొలొంబారో గ్రామంలో భూములున్న ఫ్రాన్చెస్కో అగజ్జోత్తి అనే న్యాయవాది, తన మిత్రుడు పియో ఫాబ్రియాని అడిగిన మీదట, 1862లో తన కుటుంబపు పద్ధతిని ఒక ఉత్తరంలో వివరంగా రాశాడు. మద్యపు వెనిగర్ చుక్కైనా కలపకుండా కేవలం కాచిన ద్రాక్షరసంతోనే తయారుచేయడం, దాన్ని పీపాల వరుసలో ఏటేటా మార్చుతూ అటకమీద పండించడం ఆ ఉత్తరపు సారాంశం. 1863లో ఫౌస్తో సెస్తీని అనే రసాయన శాస్త్రజ్ఞుడు మోడెనా వెనిగర్ల మీద ప్రచురించిన పరిశీలనతో ఇవి శాస్త్రచర్చకు కూడా ఎక్కాయి. నేటి చట్టంలో సంప్రదాయ పద్ధతిగా నమోదైనది ప్రధానంగా అగజ్జోత్తి చెప్పినదే. ఆనాడు ఉన్న అనేక ఇళ్ల అనేక పద్ధతులలో ఒకటి మాత్రమే, రాతలో నిలిచినందువల్ల, సంప్రదాయమంతటికీ ప్రతినిధి అయింది. చక్కని దస్తూరీ గల పొరుగువాడు మరొకరు మరో పద్ధతి రాసి ఉంటే చట్టం వేరుగా ఉండేదేమో.

ఆ పద్ధతి ఇలా సాగుతుంది. త్రెబ్బియానో అనే తెల్లద్రాక్ష, లంబ్రుస్కో అనే నల్లద్రాక్ష ఇందుకు ముఖ్యమైనవి. అంచెల్లోత్త వంటి మరికొన్ని రకాలూ చెల్లుతాయి. బాగా పండిన కాయలను ఆలస్యంగా కోసి, చిదిమి, ఆ రసం పులియడం మొదలుకాక ముందే మూతలేని పెద్ద పాత్రలలో పోసి, తెర్లనీయకుండా సన్నని సెగపై గంటల తరబడి కాచుతారు. రసం సగానికి దగ్గరగా ఇగిరి గోధుమరంగు తిరిగినాక, చల్లార్చి, పెద్ద పీపాలో చేరుస్తారు. అక్కడ రెండు మార్పులు జరుగుతాయి: ఈస్టు అనే సూక్ష్మజీవులు చక్కెరలో కొంత భాగాన్ని ఆల్కహాలుగా మార్చితే, ఎసిటిక్ బాక్టీరియా ఆ ఆల్కహాలును ఆమ్లంగా మార్చుతాయి. మామూలు వెనిగర్‌లో చక్కెర అంతా ఖర్చయిపోతుంది; ఇక్కడ రసం మరీ చిక్కన కావడం వల్ల సూక్ష్మజీవులు పని పూర్తిచేయలేక సగంలోనే ఆగిపోతాయి. తీపి మిగలడానికి కారణం అదే. అంటే ఈ వెనిగర్ రుచికి మూలం, ఒక రసాయనిక ప్రక్రియ పూర్తికాకపోవడం.

తరువాతిది కాలం చేసే పని. కనీసం ఐదు పీపాలు, ఒకదానికన్న ఒకటి చిన్నవిగా, వేర్వేరు చెక్కలతో చేసినవి, అటకమీద వరుసగా ఉంటాయి; ఈ వరుసను బత్తెరియా అంటారు. ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, యాష్, జునిపెర్ చెక్కలు వాడుకలో ఉన్నాయి. చెస్ట్‌నట్ రంగునిస్తుంది, చెర్రీ మెత్తని తీపిని చేరుస్తుంది, జునిపెర్ సాంబ్రాణిని తలపించే ఘాటును వదులుతుంది. ఏ చెక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఇంటింటికీ మారే విషయం. ప్రతి పీపా పైభాగాన చతురస్రపు కంత ఉండి, దానిమీద గుడ్డ కప్పి ఉంటుంది. పీపాను నిండుగా నింపరు, గాలి ఆడాలి. ఎండాకాలపు వేడికి నీరు ఆవిరై, ద్రవం చిక్కబడి, ఆమ్లాలూ చక్కెరలూ ఒకదానితో ఒకటి కలిసి కొత్త సుగంధాలను పుట్టిస్తే, చలికాలంలో మడ్డి అడుగుకు చేరి పైన తేట నిలుస్తుంది. ఏటా శీతకాలంలో అన్నిటికన్న చిన్న పీపాలోంచి కొద్దిగా, పది పదిహేను లీటర్ల పీపా అయితే ఒకటి రెండు లీటర్లు, తీస్తారు. ఆ లోటును దాని పక్కనున్న పెద్ద పీపాతో, దాని లోటును ఆపై దానితో పూరిస్తూ పోయి, చిట్టచివరి పెద్ద పీపాలో ఆ ఏటి కొత్త రసం పోస్తారు. పాతదీ కొత్తదీ ఎప్పటికప్పుడు కలిసిపోయే ఈ అమరికలో ఒక సీసాలోని ద్రవానికి ఇన్నేళ్లని ఖచ్చితంగా వయసు కట్టడం కుదరదు. అందువల్లనే మోడెనా విశ్వవిద్యాలయపు పరిశోధకులు పీపాల వరుసలో ద్రవం సగటున ఎంతకాలం నిలుస్తుందన్న దానినే అసలు కొలతగా పరిగణించారు. బాగా పాతదానికి చెప్పే 25 ఏళ్లన్న అంకె పీపాల వరుసకు చెందినదే గాని ప్రతి చుక్కకూ చెందినది కాదు.

ఇంత ఓపిక అడిగే పని కుటుంబ వ్యవహారంగానే సాగడం సహజం. అటకా, పీపాలూ, ఏటా మిగులు ద్రాక్షా ఉన్న భూస్వాములూ నగరపు గృహస్థులూ దీన్ని నడిపారు. ఆడపిల్ల పుట్టినప్పుడు ఒక బత్తెరియాను మొదలుపెట్టి, పెళ్లినాడు దాన్ని అరణంగా పంపే ఆచారం ఉండేదని ఆ ప్రాంతమంతటా చెబుతారు. పీపాలకు ఆ పిల్ల పేరు పెట్టడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. అమ్మకం అరుదు, 1605ను తన ఆరంభ సంవత్సరంగా చెప్పుకునే జూస్తి వంటి ఒకటి రెండు వర్తక గృహాలు తప్ప, 19వ శతాబ్దం చివరి వరకు దీన్ని అంగడి సరుకుగా చూసినవారు తక్కువ.

20వ శతాబ్దంలో కథ అంగడివైపు తిరిగింది. 1933లో ఇటలీ వ్యవసాయ మంత్రిత్వశాఖ మోడెనా బాల్సమిక్ వెనిగర్ ఉత్పత్తిని అధికారికంగా గుర్తించగా, 1965 నాటి ఉత్తర్వు దాని తయారీకి నియమాలు పెట్టింది. ఈ నియమాలు కాచిన లేదా చిక్కబరచిన రసానికి మద్యపు వెనిగర్ కలపడాన్నీ, రంగుకు కాల్చిన చక్కెర చేర్చడాన్నీ అనుమతించాయి. కర్మాగారాలకు ద్వారం తెరుచుకున్నది ఇక్కడే. దీనికి ఎదురుగా అటక సంప్రదాయాన్ని కాపాడాలనుకున్నవారు 1967లో మోడెనాకు ఆగ్నేయంగా ఉన్న స్పిలంబెర్తో పట్టణంలో కొన్సొర్తెరియా అనే సంఘంగా ఏర్పడి, ఏటా జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ సందర్భంగా ఇంటి వెనిగర్లకు పోటీ పెట్టసాగారు. పోటీ అంటే తీర్పరులు కావాలి, తీర్పరులకు శిక్షణ కావాలి, శిక్షణకు మాటలూ మార్కులూ కావాలి. ఒకప్పుడు తాతగారి నాలుక మీద ఉన్న ప్రమాణం క్రమంగా పట్టికలలోకి వచ్చింది. కొవ్వొత్తి వెలుగు ముందు గాజుబుడ్డి తిప్పి రంగూ చిక్కదనమూ చూడడం, వాసన పట్టడం, పింగాణీ చెంచాతో నాలుకమీద వేసుకోవడం అనే క్రమం స్థిరపడింది. పట్టణంలోని ఫాబ్రియాని భవనంలో 2002లో ఈ వెనిగర్‌కు ఒక సంగ్రహాలయం కూడా వెలసింది.

1983లో సంప్రదాయ అనే విశేషణంతో ఉన్న వెనిగర్‌కు ఇటలీ చట్టం ప్రత్యేక గుర్తింపు ఇవ్వగా, 2000లో యూరోపియన్ యూనియన్ మోడెనా, రెజ్జో ఎమీలియా వెనిగర్లు రెంటినీ వేరువేరుగా తన అత్యున్నత స్థల రక్షణ జాబితాలో చేర్చింది. దీని ప్రకారం ద్రాక్ష ఆ జిల్లాలోనే పండాలి, పీపాలు అక్కడే ఉండాలి, కనీసం 12 ఏళ్లు గడవాలి. 25 ఏళ్లు దాటినదానికి అతిప్రాచీనం అన్న అర్థం గల ఎక్‌స్త్రావెక్కియో పేరు దక్కుతుంది. తయారీదారు తన సీసాలో తాను నింపుకోలేడు: రుచిచూసే నిపుణుల బృందం ఆమోదించిన తరువాతనే, మోడెనాకైతే కార్ల రూపకల్పనలో ప్రసిద్ధుడైన జోర్జెత్తో జుజారో గీసిన గుండ్రని 100 మిల్లీలీటర్ల బుడ్డిలో, రెజ్జోకైతే తలకిందులైన తులిప్ పువ్వు ఆకారపు బుడ్డిలో నింపుతారు. పక్కపక్క ఊళ్లు రెండూ ఒకే ద్రవానికి రెండు సంఘాలు, రెండు సీసాలు, రెండు మార్కుల పద్ధతులు పెట్టుకోవడం చూసి విస్తుపోనక్కరలేదు. ఇటలీలో గంటస్తంభం ఎంత ఎత్తో స్వగ్రామాభిమానం అంత.

ఈ పేరు సముద్రాలు దాటింది మాత్రం ఈ బుడ్డివల్ల కాదు. 1970ల చివరన అమెరికాలో విలియమ్స్-సొనోమా అనే పాత్రల దుకాణం ఫీని అనే మోడెనా సంస్థ వెనిగర్‌ను తెప్పించి అమ్మడం మొదలుపెట్టాక, ఒకటి రెండు దశాబ్దాలలో అది అమెరికన్ సలాడ్లకు తప్పనిసరి అయింది. గిరాకీ లీటర్లలో కాదు, లక్షల లీటర్లలో వచ్చింది. అటకలు దాన్ని తీర్చలేవు గనుక 1965 నియమాల కింది వెనిగరే ప్రపంచాన్ని నింపింది. 2009లో దానికి కూడా యూరోపియన్ యూనియన్ స్థల రక్షణ ఇచ్చింది గాని షరతులు తేలికైనవి: ద్రాక్షరసం కనీసం 20 శాతం, మద్యపు వెనిగర్ కనీసం 10 శాతం, చెక్కలో కనీసం 60 రోజులు, మూడేళ్లు దాటితే పండినది అన్న ముద్ర. ద్రాక్ష ఎక్కడ పండినా అభ్యంతరం లేదు, పని మోడెనా, రెజ్జో జిల్లాలలో జరిగితే చాలు. నేడు హైదరాబాదు, విజయవాడ సూపర్‌మార్కెట్లలో దొరికేదీ, అమెరికాలోని తెలుగువారి ఇళ్లకు చేరినదీ దాదాపు ఎప్పుడూ ఈ రెండవ రకమే. దీన్ని చులకన చేయడం పరిపాటి అయింది. డ్యూకుల పద్దుల్లోని అర్ధ బాల్సమిక్‌కు ఇది వారసురాలని గుర్తుచేసుకుంటే ఆ చులకనలో న్యాయం కొంతే. అయితే మొక్కజొన్న పిండితో చిక్కబరచి ముద్దపాకంలా చేసి, బాల్సమిక్ గ్లేజ్ అన్న పేరుతో పళ్లెం అంచున గీతలు గీయడానికి అమ్మే సరుకుకు ఆ వంశవృక్షంలో చోటు లేదు.

2009లో దక్కిన ఆ స్థల రక్షణ కూడా అంత గట్టిది కాదని తరువాత తేలింది. జర్మనీలో బాడెన్ ప్రాంతపు మద్యాలతో చేసిన వెనిగర్‌ను జర్మన్ బాల్సమికో అని అమ్ముతున్న బలేమా అనే సంస్థను ఆ పేరు మానుకోమని మోడెనా వెనిగర్ తయారీదారుల సంఘం హెచ్చరించగా, ఆ సంస్థే కోర్టుకెక్కింది; యూరోపియన్ న్యాయస్థానం 2019 డిసెంబరు 4న ఇచ్చిన తీర్పులో, రక్షణ మొత్తం పేరుకే వర్తిస్తుందనీ, వెనిగర్, బాల్సమిక్ అన్న సాధారణ పదాలను విడిగా ఎవరైనా వాడుకోవచ్చనీ తేల్చింది. 2009 నాటి నమోదు సమయంలోనే జర్మనీ, గ్రీస్, ఫ్రాన్స్ ఆక్షేపణలు తెలపడం వల్ల ఈ మినహాయింపు ఆ ఉత్తర్వులోనే ఇమిడి ఉంది. 2021లో స్లొవేనియా తన దేశపు నియమాలలో బాల్సమిక్‌కు స్వంత నిర్వచనం ఇచ్చినప్పుడు ఇటలీ మళ్లీ అడ్డుచెప్పవలసి వచ్చింది.

వంటింటి చరిత్ర ఈ రెండు రకాలను వేర్వేరు పనులకు నియోగించింది. సంప్రదాయ వెనిగర్‌ను మోడెనా వంటవారు మంటమీద పెట్టరు. ఏళ్ల తరబడి కూడిన సుగంధం నిమిషాలలో ఎగిరిపోతుంది గనుక, వంట దింపాక, వడ్డించబోయే ముందు, చుక్కలుగా వేస్తారు. పర్మిజానో జున్నును కత్తితో కోయకుండా చీల్చిన పెచ్చులమీద రెండు చుక్కలు ఈ ప్రాంతపు విందుకు తొలి పలకరింపు. జున్నులోని ఉప్పదనమూ పలుకులూ వెనిగర్‌లోని తీపితో కలిసి రెంటికీ వేరైన రుచికి చేరతాయి. ఉల్లిపాయ వేసిన మందపాటి గుడ్డట్టు, ఉడికించిన మాంసాలు, వెన్నతో చేసిన రిసోత్తో అనే జారుడు అన్నం దీన్ని ఇలాగే అందుకుంటాయి. మంటమీది పనికి మూడేళ్లు పండిన రెండవ రకమో, అంతకన్న చవకైనదో వాడతారు: రెజ్జో జిల్లాలోని బొరెత్తో పేరు మీదుగా వచ్చిన చదునైన చిట్టి ఉల్లిపాయలను వెన్న, చక్కెర, వెనిగర్‌లతో ఇగిరేదాకా మగ్గించడం, పిండి అద్దిన పలుచని దూడమాంసపు ముక్కలను వేయించి ఆ మూకుట్లోనే వెనిగర్ పోసి పులుసును చిక్కబరచడం ఇంటింటి వంటలు. ఉడుకుతున్నప్పుడు పులుపు ఆవిరై తీపి మిగలడం వల్ల, చివర్లో మరో చెంచా పచ్చిగా కలపడం మంచి వంటవారి మెళకువ.

తీపివంటల వైపు ఇది ఆలస్యంగా వచ్చినట్లు కనిపించినా, కాచిన రసపు మూలాన్ని బట్టి చూస్తే అది తిరిగి రావడమే. చక్కెర చల్లి నానబెట్టిన స్ట్రాబెర్రీలకు ఆమ్లం తగలగానే పండు వాసన పైకి లేస్తుంది, తీపిలోని మొద్దుదనం తగ్గుతుంది. పాలమీగడ ఐస్‌క్రీముమీద చుక్కలుగా వేస్తే మీగడ కొవ్వు పులుపును అణచి, కాల్చిన చక్కెర, ఎండుద్రాక్ష, చెక్క వాసనలను ముందుకు తెస్తుంది. మోడెనాలో 1995లో ఒస్తెరియా ఫ్రాన్చెస్కానా భోజనశాలను తెరిచిన మాస్సిమో బొత్తూరా, బాతు కాలేయపు ముద్దను పుల్ల ఐస్‌క్రీము ఆకారంలో చేసి, బాదం, హేజల్‌నట్ పలుకులు అద్ది, దాని నడిమధ్య సంప్రదాయ వెనిగర్‌ను దాచి ప్రపంచపు దృష్టిని ఆకర్షించాడు. మాంసమూ మిఠాయీ ఒకే పుల్లకు గుచ్చిన ఆ వంటను ఆధునిక ప్రయోగంగా మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. మెస్సిస్బుగో విందులకు వచ్చిన అతిథికైతే అందులో కొత్తగా తోచేది పుల్ల ఒక్కటే.

ఈ చట్టాలూ తీర్పులూ వంటలూ అన్నీ అమ్మకానికి వచ్చే వెనిగర్ గురించినవి. మోడెనా, రెజ్జో జిల్లాల్లో ఇళ్ల అటకల మీద సొంత వాడకానికి సాగే బత్తెరియాలలో చాలా వాటి వెనిగర్ ఏ నిపుణుల బృందం ముందుకూ పోదు, ఏ నమోదిత బుడ్డిలోకీ ఎక్కదు. 12 ఏళ్లు దాటినా సంప్రదాయ వెనిగర్ అన్న పేరుతో దాన్ని అమ్మే హక్కు ఆ ఇంటివారికి లేదు. మద్యపు వెనిగర్ కొంత కలిపే పాత ఇంటి పద్ధతి వారిదైతే ఆ బృందం ముందుకు పోయే అర్హతే లేదు. వారు దాన్ని మామూలు గాజుసీసాలో పోసి, బిరడా బిగించి, చుట్టాలకు పంచుతారు.